అగ్నిశుద్ధి: బంగారం నుంచి కరెంటు తీగ దాకా

మన భాషలో మంచితనాన్ని కొలిచే మాటలు చాలావరకు కంసాలి కుంపటి దగ్గర పుట్టినవే. మేలిమి మనిషి అంటాం. ఫలానాది నిజాయితీకి గీటురాయి అంటాం. కష్టాలు పడి నిలబడ్డవాణ్ణి పుటం పెట్టిన బంగారం అంటాం. అగ్నిపరీక్ష, అగ్నిపునీత అనే మాటలు పత్రికల్లో రోజూ కనిపిస్తాయి. వీటన్నిటి వెనకా ఒకటే నమ్మకం ఉంది: నిప్పులో వేస్తే చెడు కాలిపోతుంది, మంచి మిగులుతుంది.

హేతువాది కనుక నేను ఈ నమ్మకాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తానని మీరు అనుకోవచ్చు. అలా చేయను. ఎందుకంటే మొదట్లో ఇది నమ్మకం కాదు, పరిశీలన. అందులోనూ చాలా మంచి పరిశీలన. అది ఎంతవరకు నిజం, ఏ హద్దు దాటాక అబద్ధమయింది అన్నది చూడాలి. దాన్ని చూడటానికి గుడి కన్నా పాత సామాన్ల కొట్టు మంచి చోటు. ఈ వ్యాసంలో ఆ కొట్టు సూరత్ నగరంలోని కతర్‌గామ్‌లో ఉంది. అక్కడికి వెళ్ళేముందు కొంచెం పాత చరిత్ర చూద్దాం.

వెండిని సీసంతో కలిపి కరిగించి, గాలి తగిలేలా బాగా వేడి చేస్తే సీసమూ, దానితోపాటు రాగి లాంటి ఇతర లోహాలూ ఆక్సైడ్లుగా మారతాయి. ఎముకల బూడిదతో చేసిన మూసలోకి ఆ ఆక్సైడ్లు ఇంకిపోతాయి. చివరికి మూస అడుగున మెరిసే వెండి గుండు మిగులుతుంది. సిరియాలోని హబూబా కబీరా తవ్వకాల్లో ఈ పద్ధతికి సాక్ష్యాలు దొరికాయి. అవి క్రీస్తు పూర్వం 4వ సహస్రాబ్ది చివరి కాలానివి. మన అర్థశాస్త్రంలో కూడా సీసంతో బంగారాన్ని శుద్ధి చేసే పద్ధతి ఉంది. ఏ మంత్రమూ అక్కరలేదు, ఎవరు చేసినా ఫలితం ఒకటే.

మరి నిప్పు బంగారాన్నీ, వెండినీ ఎందుకు వదిలేస్తుంది? అవి ఆక్సిజన్‌తో సులువుగా కలవవు కనుక. అంతే. ఇందులో నిప్పు గొప్పతనం ఏమీ లేదు, ఆ లోహాల స్వభావం అలాంటిది. అదే నిప్పులో ఇనుమునీ, రాగినీ పెట్టండి, పైన పొలుసు కడుతుంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, కతర్‌గామ్‌లో మళ్ళీ అవసరమవుతుంది.

కంసాలికి తెలిసిన ఈ సంగతిని ధర్మశాస్త్రకారులు తీసుకుని మనుషులకి అంటించారు. లోహాల మలినాలు కొలిమిలో కాలిపోయినట్లే ప్రాణాయామం వల్ల ఇంద్రియాల దోషాలు కాలిపోతాయని మనుస్మృతి ఆరో అధ్యాయం చెబుతుంది. ఉపమానంగా ఇది బాగానే ఉంది. కానీ ఉపమానం అక్కడితో ఆగలేదు. యాజ్ఞవల్క్య స్మృతి ఐదు దివ్యాల్లో అగ్నిని ఒకటిగా చేర్చింది. నిందితుడు ఎర్రగా కాలిన ఇనప గుండుని, ఆకులు పరిచిన అరచేతుల్లో పట్టుకుని నడవాలి. చెయ్యి కాలకపోతే నిర్దోషి. 1783లో కాశీలో, అప్పటి న్యాయాధికారి అలీ ఇబ్రహీం ఖాన్ సమక్షంలో, ఇలాంటి పరీక్ష ఒకటి జరిగింది. ఆయనే దాన్ని రాసిపెట్టగా ఏషియాటిక్ సొసైటీ వారి తొలి సంపుటంలో అచ్చయింది. ఆ మనిషి చెయ్యి కాలలేదు, అతన్ని వదిలేశారు.

చెయ్యి ఎందుకు కాలలేదని అడగాల్సిన చోట అడగకపోవడమే మూఢనమ్మకం. విజయవాడ నాస్తిక కేంద్రం వారు నిప్పుల మీద నడిచి చూపించినప్పుడు అడిగిన ప్రశ్న అదే. నిప్పుకణికల మీద బూడిద ఉంటుంది. బొగ్గు ఉష్ణాన్ని నిదానంగా పంపుతుంది. పాదం తగిలేది కాసేపే. నాస్తికుడి పాదం కాలనప్పుడు భక్తుడి పాదం కాలకపోవడంలో విశేషం లేదు. నిప్పు గుణదోషాలు చూడదు. ఏ పదార్థం, ఎంత వేడి, ఎంతసేపు అన్నవే దానికి లెక్క.

ఇక సూరత్‌కి వద్దాం. మనకీ సూరత్‌కీ పాత సంబంధం ఉంది. ధర్మవరం, కంచి పట్టుచీరల మీద మెరిసే జరీ ఎక్కువగా సూరత్‌దే. అసలు జరీ అంటే వెండి తీగని సన్నగా లాగి, చదును చేసి, పట్టు పోగు చుట్టూ చుట్టి, పైన బంగారు పూత పూసినది. అందుకే పాత పట్టుచీరలు కొంటామంటూ ఇంటింటికీ తిరిగేవాళ్ళు వస్తారు. వాళ్ళు కొనేది చీరని కాదు, అంచులోని వెండిని. ఆ అంచుని కాలుస్తారు. పట్టు బూడిదవుతుంది, వెండి మిగులుతుంది. దాన్ని వెలిగారం వేసి కరిగిస్తారు. లోహానికి అంటుకున్న పనికిరాని పదార్థాన్ని తీసేసి లోహాన్ని అమ్ముకోవడం అనే పనిలో ఇది పాత పద్ధతి. నిప్పు ఇక్కడ నిజంగానే పనిచేస్తుంది. పట్టు కాలితే వెంట్రుకలు కాలిన కంపు వస్తుంది, మంచిది కాదు, కానీ వెండికి నష్టం లేదు.

తర్వాత జరీ మారింది. వెండి బదులు రాగి తీగ మీద వెండి పూత వచ్చింది. ఆ తర్వాత అసలు తీగే లేని జరీ వచ్చింది: పాలియెస్టర్ పొర మీద అల్యూమినియం పూత పూసి, సన్నగా కోసినది. దీన్ని కాలిస్తే ముద్దగా కరిగి నల్లటి పూసలా గట్టిపడుతుంది. అందులో అమ్ముకోవడానికి ఏమీ ఉండదు. నిప్పు అదే, కాల్చే చెయ్యి అదే, పదార్థం మాత్రం వేరు. పుటం పెట్టగానే మేలిమి మిగలదని జరీ కొనేవాడికి మన పురాణ ప్రవక్తల కన్నా ముందే తెలిసింది. అందుకే అతను ముందు ఒక పోగు లాగి, అగ్గిపుల్లతో వెలిగించి చూస్తాడు. ఈ మాత్రం పరీక్ష మనం బాబాలకీ పెడితే ఎంత బాగుండేది!

కరెంటు తీగ కథ కూడా ఇలాంటిదే, కానీ దాని ఫలితం జరీ కన్నా చాలా ప్రమాదకరం. తీగ మీద తొడుగు మొదటినుంచీ ప్లాస్టిక్ కాదు. 1851లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్య సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ కేబులుకి గట్టాపెర్చా అనే చెట్టుపాలు వాడారు. తర్వాత రబ్బరు, నూలు, నూనెలో ముంచిన కాగితం వచ్చాయి. ఇవన్నీ కాలిస్తే పొగా మసీ వచ్చేవి. 1926లో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త వాల్డో సెమన్ పెళుసుగా ఉండే పీవీసీని మెత్తగా, వంగేలా చేసే దారి కనుక్కున్నాడు. 1930ల నుంచి అది రబ్బరుని నెట్టేస్తూ వచ్చింది. నీటికి నానదు, ఎండకి త్వరగా పగలదు, మంటని సులువుగా అందుకోదు, చవక. ఇంత మంచి తొడుగు మరొకటి లేదు. చిక్కంతా దాన్ని విప్పేటప్పుడే.

పీవీసీ బరువులో దాదాపు 57 శాతం క్లోరిన్. తీగ మీద వాడేదాంట్లో మెత్తబరిచే నూనెలు, సుద్ద కలుపుతారు కనుక ఆ శాతం తగ్గుతుంది, అయినా క్లోరిన్ బాగానే ఉంటుంది. వేడికి చెడకుండా సీసం లవణాలు కలపడం కూడా చాలాకాలం మామూలుగా సాగింది. ఇదంతా లోపల రాగితో అంటుకుని ఉంటుంది. మన ఇళ్ళలో లైట్లకి వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగనే తీసుకోండి. మీటరు తీగలో రాగి సుమారు 13 గ్రాములు, తొడుగు సుమారు 7 గ్రాములు. అంటే తూకంలో మూడో వంతు ప్లాస్టిక్. పాత సామాన్లు కొనేవాడు ఆ ప్లాస్టిక్‌కి రాగి ధర ఇవ్వడు కదా. తరుగు తీస్తాడు. ఆ తరుగు ఎంతో అతనే చెబుతాడు, ఎప్పుడూ తనవైపే మొగ్గుతాడు. కాబట్టి అమ్మేవాడికి తొడుగు తీసి అమ్మడమే లాభం. ప్రశ్నల్లా ఎలా తీయాలన్నదే.

2018లో నేను సూరత్ వెళ్ళాను. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పని తెలిసిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో మరమగ్గాల పని కోసం ఆ ఊరు చేరాయి. లింబాయత్, ఉధనా వైపు తెలుగు బడ్డీకొట్లూ, తెలుగు మాటలూ వినిపిస్తాయి. మా మేనమామ కొడుకు మాత్రం కతర్‌గామ్ వైపు పనిచేస్తాడు. కతర్‌గామ్ అంటే వజ్రాలు సానపట్టే కార్ఖానాలు, మరమగ్గాలు, జీఐడీసీ షెడ్లలో చిన్న పరిశ్రమలు. ఇన్ని యంత్రాలున్న చోట పాడైన మోటార్లూ, తెగిన తీగలూ, విరిగిన ప్యానెళ్ళూ ఉంటాయి. మనం హైదరాబాదులో కబాడీ అనేదాన్ని అక్కడ భంగార్ అంటారు. అలాంటి ఒక కొట్టు ముందు బావ కోసం నిలబడి, దాదాపు గంటన్నర అక్కడి పని చూశాను.

ఇద్దరు మగవాళ్ళు, ఒక ఆడమనిషి గోనెసంచుల మీద కూర్చుని ఉన్నారు. కుక్కర్ పిడులు, పెనాల పిడులు సుత్తితో ఒక్క దెబ్బ కొడితే పగిలిపోతున్నాయి. ఎందుకంటే అవి బేకలైట్, పెళుసు. మరలు తుప్పుపట్టి తిరగకపోయినా ఇబ్బంది లేదు. స్విచ్చుల్లోంచి ఇత్తడి ముక్కల్ని అలాగే పగలగొట్టి తీస్తున్నారు. పీవీసీ తీగ అలా పగలదు. దాన్ని ఎండలో పరిచారు. కాసేపటికి తొడుగు మెత్తబడింది. అప్పుడు ఆమె తీగ ఒక కొసని కాలి బొటనవేలి కింద తొక్కిపట్టి, బ్లేడుతో పొడుగునా చీల్చి, వేరుశెనక్కాయ ఒలిచినట్లు రాగిని బయటికి లాగింది. లావు తీగలు ఇలా చకచకా అయిపోతున్నాయి. సన్నని తీగల కుప్ప మాత్రం ఒక మూల అలాగే ఉంది. బ్లేడు దానికి పనికిరాదు, రోజంతా ఒలిచినా పావుకిలో రాదు.

ఆ సన్న తీగల్ని ఏం చేస్తారని బావ చేత అడిగించాను. కాల్చి తెచ్చేవాళ్ళున్నారు కానీ తాను కాల్చనని కొట్టు యజమాని చెప్పాడు. కాల్చిన రాగి కొంటారా అంటే, కొంటాం, తక్కువ రేటుకి అన్నాడు. ఎందుకు తక్కువ? కాలిన తీగలో బూడిద తూగుతుంది, తీగ పెళుసైపోతుంది, నల్లబడుతుంది అని అతని జవాబు. నేను మిమ్మల్ని గుర్తుపెట్టుకోమన్న మాట ఇదే. రాగి బంగారం కాదు. నిప్పులో పెడితే ఆక్సైడ్ పొలుసు కడుతుంది. ఈ సంగతి ఆ ఒక్క కొట్టుదే కాదు. అమెరికా తుక్కు వ్యాపారుల సంఘం ఇస్రీ (2024లో పేరు మార్చుకుంది) ప్రపంచమంతా వాడే రకాల పట్టిక తయారుచేసింది. అందులో రాగికి బార్లీ, బెర్రీ, బర్చ్ అని గింజల పేర్లు, పళ్ళ పేర్లు, చెట్ల పేర్లు ఉంటాయి. బెర్రీ రకం అంటే శుభ్రమైన, పూతలేని రాగి తీగ. కాలి పెళుసెక్కిన తీగ అందులో ఉండకూడదని ఆ నిర్వచనంలోనే రాసి ఉంది. అంటే అగ్నిపరీక్షకి వెళ్ళొచ్చిన రాగిని మార్కెట్టే అపవిత్రం అంటోంది!

ధర తగ్గితే పోనీ, ప్రాణం పోదు కదా అనుకోవచ్చు. అసలు నష్టం పొగలో ఉంది. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. 19వ శతాబ్దం రెండో సగంలో ఇంగ్లండులో హెన్రీ డీకన్ అనే పరిశ్రమదారుడు, హైడ్రోజన్ క్లోరైడుని గాలితో కలిపి వేడి రాగి లవణాల మీదుగా పంపితే క్లోరిన్ తయారవుతుందని చూపించాడు. ఆ రోజుల్లో దానితో బట్టలు తెల్లబరిచే పొడి చేసేవారు. తీగల కుప్పని కాల్చేవాడు తెలియకుండానే డీకన్ కార్ఖానాని బహిరంగంగా నడుపుతున్నాడు. క్లోరిన్ ఉంది, రాగి ఉంది, సగం కాలిన కార్బన్ మసి ఉంది. పొగ చల్లారే దశలో, సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య, రాగి ఉత్ప్రేరకంగా పనిచేసి డయాక్సిన్లు పుట్టిస్తుంది. విడిగా పీవీసీని కాల్చడం కన్నా, రాగితో కలిపి కాల్చడం ఇందుకే ఎక్కువ హానికరం.

డయాక్సిన్ అనే మాట 1976 జూలై 10న ఇటలీలోని సెవెసో రసాయన ప్రమాదంతో ప్రపంచానికి తెలిసింది. మరుసటి ఏడాదే, 1977లో, నెదర్లాండ్స్‌లో చెత్త కాల్చే కొలుముల బూడిదలో కూడా ఇవి ఉన్నాయని బయటపడింది. వీటిలో అతి విషపూరితమైనదాన్ని 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం మనుషులకి క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి జాబితాలో చేర్చింది. ఇవి కొవ్వులో నిలవుంటాయి, ఏళ్ళ తరబడి పోవు. తల్లిపాలలోకీ, గుడ్లలోకీ వస్తాయి. ఘనా రాజధాని అక్రాలోని అగ్‌బోగ్‌బ్లోషీలో ఏళ్ళ తరబడి తీగలు కాల్చారు. అక్కడ తిరిగే కోళ్ళ గుడ్లని పరీక్షించి 2019లో ఒక నివేదిక ఇచ్చారు. ఒక్క గుడ్డు తింటే, యూరప్ ఆహార భద్రతా సంస్థ రోజుకి భరించవచ్చన్న మోతాదుకి 220 రెట్లు శరీరంలోకి చేరుతుందని తేలింది. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం రాగి కేబుళ్ళని కాల్చడాన్ని పేరుపెట్టి మరీ ప్రస్తావించింది. ఆ ఒప్పందాన్ని భారతదేశం 2006లో ఆమోదించింది. బహిరంగంగా చెత్త కాల్చడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5 వేలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25 వేల రూపాయల జరిమానా.

మరి ఇంకా ఎందుకు కాలుస్తున్నారు? ఇక్కడ మన హేతువాద మిత్రుల్లో కొందరు తొందరపడతారు. అజ్ఞానం, చదువు లేకపోవడం, ఒక పాంప్లెట్ పంచితే సరి అంటారు. నేను ఒప్పుకోను. తీగలు కాల్చేవాడికి అగ్నిదేవుడి మీద భక్తి ఏమీ లేదు. అతను లెక్క వేసుకునే కాలుస్తున్నాడు. సన్న తీగని ఒలవడానికి ఒక రోజు, కాల్చడానికి అరగంట. ధర తగ్గినా కూలి మిగులుతుంది. ఆ లెక్కలో తప్పు లేదు. కాకపోతే డయాక్సిన్ ఖరీదు అతని కాటా మీద తూగదు. అది పక్కింటి పిల్లవాడి ఒంట్లో, కోడి గుడ్డులో, తన ఊపిరితిత్తుల్లో తూగుతుంది. కనపడని ఖర్చుని లెక్కలోకి తెచ్చే పని అతని ఒక్కడిదే అనడం అన్యాయం. ఆ తీగ వాడుకుని పారేసిన మనదీ, తయారుచేసిన కంపెనీదీ, కాలిన రాగిని కొంటున్న కరిగింపు కొలిమిదీ కూడా.

సన్న తీగకి దారి లేక కాదు. తీగల్ని చిన్న ముక్కలుగా తరిగి, గాలీ కుదుపూ ఉపయోగించి రాగినీ ప్లాస్టిక్‌నీ వేరుచేసే యంత్రాలున్నాయి. వాటి సూత్రం మన రైతుకి కొత్త కాదు. కళ్ళంలో ధాన్యం తూర్పారబట్టేటప్పుడు గింజ కిందా, పొట్టు దూరంగా పడుతుంది కదా? రాగి నీటికన్నా దాదాపు 9 రెట్లు బరువు, పీవీసీ ఒకటిన్నర రెట్లలోపే. నిప్పు లేకుండా, పొగ లేకుండా, రాగి ఎర్రగానే బయటికి వస్తుంది. కానీ ఆ యంత్రం కొనే స్తోమత బ్లేడు పట్టుకు కూర్చున్న మనిషికి ఉండదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు బాధ్యతని తయారీదారుల మీద పెట్టాయి. ఆ బాధ్యత కాగితాల మీద సర్టిఫికెట్లుగా ఆగిపోకుండా, వాడకి ఒక తరుగుడు యంత్రంగా చేరిందా అని అడగడం మన పని.

ఇదే సూరత్ మనకి ఇంకో పాఠం కూడా చెప్పింది. 1994 సెప్టెంబరులో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. కతర్‌గామ్‌ని ఆనుకున్న వేడ్ రోడ్ దాని కేంద్రం. లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. ప్రాణాలు కాపాడింది యజ్ఞాలు కాదు, టెట్రాసైక్లిన్. 1995లో మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు చెత్త ఎత్తించడం, వీధులు కడిగించడం, హోటళ్ళని తనిఖీ చేయించడం మొదలుపెట్టాక ఆ మురికి ఊరు దేశంలో శుభ్రమైన నగరాల వరసలోకి చేరింది. శుద్ధి వేరు, శుభ్రం వేరు. శుద్ధికి ఒక తంతు చాలు, ఒకసారి చేస్తే అయిపోయిందనుకోవచ్చు. శుభ్రం రోజూ చెయ్యాల్సిన పని. దానికి చీపురో, బ్లేడో, యంత్రమో, వాటిని పట్టుకునే మనిషికి సరైన కూలో కావాలి.

మీ ఇంట్లో వైరింగ్ మార్పించినప్పుడు పాత తీగని ఎలక్ట్రీషియన్ ఊరికే పట్టుకుపోతానంటే, ఎవరికి అమ్ముతావు, వాళ్ళు ఒలుస్తారా, కాలుస్తారా అని అడగండి. మీ అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలంలో సాయంత్రం నల్లటి పొగ, ముక్కు మండించే ఘాటు వస్తే ఎవరో చలికాచుకుంటున్నారులే అనుకోకండి, వెళ్ళి చూడండి. ఆ మంట దగ్గర కూర్చున్నవాణ్ణి తిట్టకండి. ఒలిచిన రాగికి ఎక్కువ ధర ఎక్కడ ఇస్తారో కనుక్కుని చెప్పండి. మునిసిపాలిటీకి ఫిర్యాదు రాసేటప్పుడు వాడలో తీగలు తరిగే యంత్రం పెట్టమని కూడా అదే కాగితం మీద రాయండి.